నాలుగు వేళ్ళ పాదం

అస్కా, మార్గశిరం, శుక్రవారం.

ఝును నాన్నకు సేబతి రాసేది. ఇక్కడ బాగానే ఉన్నాం. సూరత్‌లో కూర్చుని బెంగపడకండి.

సర్కారు ఇంటి సాయానికి పెట్టిన అర్జీ కదిలింది. పోయిన గురువారం బ్లాకు ఆఫీసు పాఢీ బాబు ఇల్లు చూడటానికి వచ్చాడు. లక్ష్మీపూజ రోజు కదా, తెల్లారకముందే గడప నుంచి వంటింటి దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేశాను. ఆయన వాటిని తొక్కకుండా నడిచి, నిరుడు అత్తయ్య కన్నుమూసిన గది గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాడు. "ముందు ఈ మట్టిగోడ పడగొట్టమ్మా, పునాది చూశాకే చెక్కు" అన్నాడు. వెళ్తూ, "పాదాలు భలే వేశావే! ఎడమకాలికి నాలుగు వేళ్ళేనా?" అని నవ్వాడు.

వంగి చూశాను. నా వరస పక్కనే ఇంకో వరస, ఆ గోడ దాకా వెళ్ళి ఆగింది. ధాన్యం దంచే ఢెంకీ కింద పడి ఎడమకాలి వేలు పోయింది మీ అమ్మకే కదా. ఝునుని గద్దిస్తే "నేను కాదమ్మా, ఒట్టు!" అని ఏడ్చింది.

నిన్న గురువారం, అపచారమని తెలిసీ నేను పాదాలు వేయలేదు. అయినా ఉన్నాయి, పిండి తడి కూడా ఆరలేదు. గోడ మీద సుద్ద గుర్తు మాత్రం లేదు.

నెలలోగా గోడ తీయకపోతే సాయం వెనక్కి పోతుందట. సెలవు పెట్టి రండి, మీ అమ్మకు మీరే నచ్చజెప్పాలి. పాపకు స్వెట్టరు తెండి, పాతది బిగుతైంది.

అత్తయ్య పోయాక కార్డు చివర పెద్దల దీవెనలు రాయడం మానేశాను. ఈసారి రాస్తున్నాను. మీకు అత్తయ్య దీవెనలు.