ఎముక ఏ పక్కన?

రౌస్ హిల్, ఆదివారం

పెద్దమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడితే మెడ లాగుతోందని కార్డు రాస్తున్నాను.

చెవి కింద సన్నటి ఎముక ఒకటి అందరికీ పొట్టిగా ఉంటుందట. నాకేమో పొడుగ్గా పెరిగి, ఏ పక్కో తెలియకుండా గొంతంతా గుచ్చుతోంది. అరుదైన జబ్బట, మనకే రావాలా! రిపోర్టులో ఎడమ అని ఉంది, స్కాన్ బొమ్మలో చూస్తే ఆ ఎముక కుడిపక్కన! అద్దంలో చూసుకున్నట్టు చూసి, నీకు కుడి అనే చెప్పాను. సర్జన్ ఏ పక్క కోస్తాడోనని ఒకటే దడ.

చివరికి ఈ జబ్బున్నవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో బొమ్మ పెట్టి అడిగాను. పెర్త్‌లో ఉండే శ్యామసుందరి ఆంటీ వెంటనే ఫోన్ చేశారు. ఆవిడకీ ఇదే ఆపరేషన్ అయిందట. "ఎప్పుడూ ఏ పాపకీ ఎదురుగా కూర్చుని దిష్టిచుక్క పెట్టలేదా నువ్వు? దాని ఎడమ బుగ్గ నీ కుడిచేతి వైపే కదా! స్కానూ అంతే, నీకెదురుగా కూర్చున్న మనిషి" అన్నారు. మెడ నొప్పెట్టినా సరే, పడీపడీ నవ్వాను. సర్జన్ కూడా ఎడమేనన్నారు. వచ్చే నెల్లో ఆపరేషన్.

రాగిజావలో ఏం కలుపుతావో రాయి, నాది సున్నంలా ఉంటోంది. పెదనాన్నకి షుగరు తగ్గిందా? ఆయనకి నా నమస్కారాలు.

అన్నట్టు, రోజూ దీపం పెట్టాక నా ఫొటోలో కుడిపక్క మెడ నిమురుతున్నావని అక్క చెప్పింది. పక్క మార్చకు పెద్దమ్మా. నువ్వు నిమిరేది నా ఎడమ మెడే.

నీ కిరణ్మయి