జేబులో ముప్పై అయిదు డిగ్రీలు

అక్కయ్యకు,

నమస్కారాలు. కొత్త దారిలో లారీ తోలుతున్నాను. బండి పాతదే, పదకొండేళ్ళుగా నా చేతిలో ఉన్నదే. యజమాని మాత్రం కొత్త. తాళాలిస్తూ, "దారిలో మూడుసార్లు ఆగిందంటే బండి ఇంకొకడికిస్తా" అన్నాడు. పెళ్ళాం పిల్లలు లేనివాణ్ణి, నాకున్నదల్లా ఆ బండే కదా!

ఇంజన్ ఆయిలు మార్చే వేళయింది. ముప్పై ఏళ్ళుగా ఆయిల్ కొట్లో కూర్చున్నదానివి, ఏది పొయ్యాలో నువ్వే చెప్పు. ఇక్కడ ఒకటే ఉక్క. రాస్తుంటే చెమట కాగితం మీద పడుతోంది.

నీ మాట జవదాటని తమ్ముడు

తా.క. నాలుగు ముక్కలు ఎక్కువ రాయి. పోయినసారి ఉత్తరం కంటే కవరు మీద చిరునామా పొడుగ్గా ఉంది.

---

చిట్టికి,

ఆశీస్సులు. అంత ఉక్కయితే చిక్కటి ఆయిలు. యాభై నంబరు.

అక్క

తా.క. మీ డిపో చిరునామా పొడుగు. నేనేం చెయ్యను?

---

అక్కయ్యకు,

నమస్కారాలు. యాభై నంబరు పోశాను. తెల్లారి తాళం తిప్పితే బండి ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఆయిలు గడ్డకట్టిన తేనెలా ఉంది. ఆరుగురు మోకాళ్ళలోతు మంచులో దిగి తోశారు. ఆరు భాషల్లో తిట్టారు. యజమాని గోడ మీద ఒక గీత గీశాడు.

తోసి తోసి నడుం పట్టేసిన తమ్ముడు

తా.క. ఇక చిట్టి అని రాయకు. నలభై ఆరేళ్ళొచ్చాయి. గుమాస్తా కవరు చింపి చూశాడు, డిపో అంతా అదే పిలుపు.

---

చిట్టికి,

ఆశీస్సులు. మంచా? ఉక్క అన్నావు.

అక్క

---

అక్కయ్యకు,

నమస్కారాలు. ఉక్క క్యాబిన్లో అక్కయ్యా! హీటరు మీట ఇరుక్కుపోయింది, ఎంత లాగినా ఆగదు. నేను లోపల బనీనుతో కూర్చుంటాను. అద్దానికి అవతల మంచు. బయట సంగతి నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

లోపల ఉడికి, బయట వణికే తమ్ముడు

---

చిట్టికి,

ఆశీస్సులు. క్యాబిన్లో కూర్చునేది నువ్వు. ఆయిలు కూర్చునేది ఇంజన్లో. ఉన్నది తీసేసి పలచటిది పోసుకో, ఇరవై నంబరు. థర్మామీటరు పంపుతున్నాను. గాలి ఎంత వేడిగా ఉందో చూసి రాయి. రోజూ దేవుడి ముందు నీ ఇంజన్ పేరు చెబుతున్నాను.

అక్క

తా.క. బనీను మీద ఏదైనా వేసుకో.

---

అక్కయ్యకు,

నమస్కారాలు. పలచటిది పోసి కొండ దిగాను. కింద అంతా ఇసుక మైదానం. మిట్టమధ్యాహ్నానికి ఆయిలు నీళ్ళయిపోయింది, ఎర్రదీపం వెలిగింది. ఇంజన్ మాడిపోకుండా ఆపేశాను. గోడ మీద రెండో గీత పడింది. ఇంకొక్కసారి ఆగితే తాళాలు ఇచ్చెయ్యాలి.

దారి కొండ మీద మొదలై ఇసుకలో ముగుస్తుందని ముందే రాయాల్సింది. అడగనిది చెబితే వసపిట్ట అంటావని ఊరుకున్నాను.

నీ థర్మామీటరు పాడైపోయింది. కొండ మీదా ముప్పై అయిదే, ఇసుకలోనూ ముప్పై అయిదే.

రెండు గీతల తమ్ముడు

---

చిట్టికి,

ఆశీస్సులు. థర్మామీటరు ఎక్కడ పెట్టావు?

అక్క

---

అక్కయ్యకు,

నమస్కారాలు. చొక్కా జేబులో, రుమాల్లో చుట్టి, గుండెకి ఆనించి. నువ్వు పంపింది పగిలిపోతే ఎలా?

తమ్ముడు

---

చిట్టికి,

ఆశీస్సులు. అది నీ ఒంటి వేడి. జ్వరం లేదు, సంతోషం.

మీ బండి కంపెనీ పుస్తకం తెప్పించి చదివాను. డబ్బా మీద రెండు అంకెలున్న ఆయిలు కావాలి: ఐదు డబ్ల్యూ నలభై. మొదటి అంకె చలికి, రెండోది వేడికి. కొండ మీద గడ్డకట్టదు, ఇసుకలో నీరవదు. రెండు చోట్లకీ అదే. పార్సిల్లో పంపాను.

ముందే చెప్పాల్సింది. అడిగినదానికే జవాబివ్వడం కొట్లో అలవాటైపోయింది.

అక్క

తా.క. ఇంత పొడుగు ఉత్తరం మళ్ళీ ఆశించకు.

---

అక్కయ్యకు,

నమస్కారాలు. కొండ మీద తాళం సగం తిప్పగానే బండి అందుకుంది. మంచు దాటాం, ఇసుక దాటాం, ఎర్రదీపం జాడ లేదు. ప్రతి మజిలీలో ఆయిలు కొలిచే పుల్ల తీసి చూసుకున్నాను, తుడిచి మళ్ళీ చూసుకున్నాను. ఆ మురిపెంలో డిపో గేటు కనిపించేదాకా వచ్చాను.

అక్కడ ఆగిపోయింది.

యజమాని గొడుగేసుకుని నడిచొచ్చాడు. తనూ పుల్ల తీసి చూశాడు. "ఆయిలు బ్రహ్మాండంగా ఉందే! ఎవరు చెప్పారోయ్?"

"మా అక్కయ్యండి."

ఆయన టాంకు మూత తీసి లోపలికి తొంగిచూశాడు. "మరి డీజిలు సంగతి ఆవిడ చెప్పలేదా?"

చుక్క లేదక్కయ్యా. తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాను. నా కళ్ళు చూశాడో ఏమో, గొడుగు కింద పడేసి, చక్రానికి ఆనుకుని ఒకటే నవ్వు. "ఇంజన్ని ఇంత కనిపెట్టుకునేవాణ్ణి తీసేసి బండి ఎవడికిమ్మంటావు? పట్టు చిట్టీ, నేనూ తోస్తాను" అన్నాడు. గేటుదాకా పల్లమే. ఆయనా, నేనూ, కాపలావాడూ తోశాం.

తాళాలు నా దగ్గరే ఉన్నాయి.

తల ఎత్తుకోలేని తమ్ముడు

---

చిట్టికి,

ఆశీస్సులు. డీజిలు కూడా పొయ్యాలి.

అక్క

తా.క. దేవుడి ముందు ఇంజన్ పేరొక్కటే చెప్పాను. టాంకు గుర్తు రాలేదు. ఆ తప్పు నాది. ఇవాళ్టి నుంచి రెండూ చెబుతున్నాను.