బొట్టుకు చోటు

పాల్వంచ,
14-11-2009.

తమ్ముడు ఉదయ్ భాస్కర్‌కు అక్క ఆశీస్సులు.

ఈ రోజు మినుములు చెరిగాను, పరుపులు ఎండేశాను, అరిసెలు వండటం అయింది. మిగిలిన పని నీకు ఈ ఉత్తరం.

మీ కంపెనీ కొత్త సైకిల్ చేరింది. వెడల్పు హ్యాండిల్, ముందు మెత్తటి స్ప్రింగులు, కిందికి దించుకునే సీటు, అన్నీ మా అమ్మాయి పద్మప్రియ అడిగినట్లే చేశారు.

పోయిన ఏడాది నువ్వు నమూనా సైకిల్ తెచ్చినప్పుడు, మా అత్తయ్య పూజ చేసి నూనెలో కలిపిన కుంకుమను చక్రం మధ్యనుండే బ్రేకు పళ్లేనికి, అదే డిస్కుకు, పెట్టింది. గుట్ట దిగుతుంటే బ్రేకు జారి పిల్ల చెయ్యి విరిగింది. అత్తయ్య నిన్నే తిట్టింది. "గిదేం బండి చేసిండ్రయ్యా? పిల్ల ఇగ సైకిలెక్కదు!" నువ్వు ఆ నూనె తుడుస్తుంటే నేను చూశాను. పెద్దావిడ పేరెత్తకుండా, అన్నమైనా తినకుండా వెళ్లిపోయావు.

ఈసారి హ్యాండిల్ ముందు నున్నటి రేకు, దాని మీద నీ చీటీ: "అత్తయ్యగారూ, బొట్టు ఇక్కడ." ఇకమీద ఈ రకం సైకిళ్లన్నిటికీ ఆ రేకు ఉంటుందని కూడా రాశావు. చదివి వినిపిస్తే అత్తయ్య లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. తర్వాత అక్కడే బొట్టు పెట్టి, "పో బిడ్డా, పైలం" అంది. పిల్ల కిన్నెరసాని వాగు వైపు గుట్ట మీంచి రాళ్లు, వేర్లు దాటుకుంటూ ఒక్క ఊపున దిగింది. నీ మేలు మరువలేను, తమ్ముడూ.

నా ఇంటి పద్దుల పుస్తకంలో "ఉదయ్‌కు ఒక పూట భోజనం" అని బాకీ ఉంది. ఈ ఉత్తరంతో పంపే అరిసెలు అత్తయ్య తన చేత్తో ఒత్తినవి. బాకీ తీరిందని తనే పక్కన కూర్చుని రాయించింది.