మత్తయి గారి ట్రాన్సెండెంటలిజం

గుండుగొలను, 4-8-2003

పూజ్యులైన అచ్యుతరావు మాస్టారికి, మీ దూరవిద్య విద్యార్థిని ప్రసన్నకుమారి నమస్కారాలు.

మీరు రాసిన అమెరికా సాహిత్యోద్యమాల పాఠం పైకి చదువుతుంటే మా వారు మత్తయి గారు విన్నారండీ. ట్రాన్సెండెంటలిజం దగ్గర ఆపమన్నారు. మనిషి ప్రకృతిలో ఒంటరిగా ఉంటే తన్ను తాను తెలుసుకుంటాడన్న వాక్యం రెండుసార్లు చదివించుకుని, దుప్పటి పట్టుకుని కొల్లేట్లో మా చేపల చెరువు గట్టు మీది కాపలా పాకకి వెళ్లిపోయారు. వారమైంది. ఆ వాక్యం తప్పని ఒక్క ముక్క రాసివ్వండి.

తా.క. మిగతా ఉద్యమాలు మనసులోనే చదువుకుంటున్నాను.

ఏలూరు, 8-8-2003

ప్రసన్నకుమారి గారికి,

వాక్యం తప్పు కాదు, మీ ఆయనది తప్పు. ఆ ఏకాంతానికి అన్నం వండి పంపుతున్నది ఎవరు? మీరే. ఆడవాళ్ల చాకిరీ మీద నిలబడ్డ మగవాడి స్వేచ్ఛని ఇరవయ్యేళ్లుగా ఖండిస్తున్నాను. విరుగుడు తర్వాతి పాఠంలోనే ఉంది: రియలిజం. వినిపించండి.

పోరాట వందనాలతో,
అచ్యుతరావు

తా.క. కోపం మీ మీద కాదు. నా కలం అంతే.

గుండుగొలను, 14-8-2003

మాస్టారికి నమస్కారాలు.

దోనెలో పాక దాకా వెళ్లి రియలిజం వినిపించానండీ. "ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఇక్కడ బాగుంది" అన్నారు. నేచురలిజం చదివాను. మనిషి పరిసరాల చేతిలో కీలుబొమ్మ అని ఉంది కదండీ, "చూశావా, నా చేతిలో ఏం లేదు" అన్నారు. మోడర్నిజంలో మనిషి ముక్కలైపోతాడని ఉంటే భయమేసి పుస్తకం మూసేశాను.

పెళ్లయి పద్దెనిమిదేళ్లండీ. సాయంత్రం ప్రార్థనలో నా గొంతు ఒక్కటే వినిపిస్తుంటే బాగోవట్లేదు. ఎలాగైనా ఆయన్ని ఇంటికి పంపించండి.

ప్రసన్నకుమారి

తా.క. అన్నం నేను పంపట్లేదండీ. ఆయనే చేపల పులుసు వండి నాకు పంపుతున్నారు. బాగుంటోంది.

ఏలూరు, 18-8-2003

ప్రసన్నకుమారి గారికి,

పులుసు సంగతి తెలిశాక నా వాదనలో రెండో పేజీ చింపేశాను. మొదటి పేజీ చెక్కుచెదరలేదు. లోకాన్ని వదిలి పాకలో కూర్చోవడం బాధ్యత నుంచి పారిపోవడమే. ఇది ఉత్తరాలతో తేలదు. శనివారం నేనే వచ్చి తేలుస్తాను.

అచ్యుతరావు

తా.క. ఈత రాదు. సిద్ధాంతం ఉంది.

గుండుగొలను, 28-8-2003

కాపలా పాకలో ఉన్న మాస్టారికి, దోనె నడిపే పాపారావు చేత పంపుతున్న ఉత్తరం.

మా వారు నిన్న పొద్దున్నే ఇంటికొచ్చేశారండీ. మీరు నాలుగు రోజులు చెప్పినవాటిలో ఏ ఇజం పనిచేసిందని అడిగాను. "ఏదీ కాదు. ఆయన ఒక్క క్షణం ఒంటరిగా ఉండనివ్వలేదు" అన్నారు. సాయంత్రం ప్రార్థనలో రెండు గొంతులు వినిపించాయి. మీ మేలు మర్చిపోను. ఆయన వచ్చేశాక కూడా మీరు గట్టు మీద కూర్చుని కొంగలతో వాదిస్తున్నారని పాపారావు చెప్పాడు. ఇక మీరూ ఇంటికి వెళ్లండి.

కృతజ్ఞతలతో,
ప్రసన్నకుమారి

తా.క. కంగారు పడతారేమోనని మీ ఇంటావిడ శేషారత్నం గారికి ఫోన్ చేశానండీ. "తొందరేం లేదమ్మా, ఇంకో వారం ఉంచుకోండి" అన్నారు.