ఎనిమిది నీలం చీటీలు

జూన్ 4
ఆర్డరు వచ్చేసింది. పక్క వీధిలోని ఆడపిల్లల బడి, మా బడి ఇక ఒకటే. ఒకే హెచ్చెమ్, ఒకే గంట, ఒకే టైంటేబుల్. ఆ టైంటేబుల్ వేసేది ఎవరని ఎవరూ అడగలేదు కూడా. కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. పందొమ్మిదేళ్లుగా వేస్తున్నాను. ఒకే టీచరు ఒకే పీరియడ్‌లో రెండు గదుల్లో ఉండాల్సి రావడం అనేది నా చేతిలో ఒక్కసారీ జరగలేదు. డైరీ కాబట్టి గొప్పలు రాసుకుంటున్నాను, బయట అనను. నిజానికి బయట కూడా అంటాను.

జూన్ 6
పదిహేడు సెక్షన్లు. ముప్ఫై నలుగురు టీచర్లు. సెక్షన్‌కి వారానికి నలభై పీరియడ్లు. అంటే ఆరువందల ఎనభై చీటీలు. మా అమ్మాయి కత్తెర పట్టుకుని కూర్చుంది. నాతో సహా లెక్కల టీచర్లకి నీలం, సైన్సుకి ఎరుపు, డ్రాయింగ్‌కి పసుపు. రంగు టీచరుది, పీరియడ్‌ది కాదు. నీలం చీటీ ఎక్కడ కనిపించినా అక్కడ లెక్కల టీచరు ఉన్నట్టే.

భోజనాల బల్ల మీద ప్లైవుడ్ బోర్డు పరిచాను. అత్తయ్య కంచం ఒళ్లో పెట్టుకుని తింటూ, ఈ ఇంట్లో మనుషుల కంటే చీటీలకే మర్యాద ఎక్కువని అంది. మా ఆయన బస్ డిపోలో కంట్రోలరు, డ్యూటీ చార్టులు వేస్తాడు. బోర్డు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తన దగ్గర కనీసం బస్సులు పాడవుతాయి, ఆ వంకతో తప్పులు కప్పెట్టుకోవచ్చు, పాపం నీకు ఆ వసతి లేదు అన్నాడు. నాకు ఆ వసతి అక్కర్లేదని చెప్పాను. కళ్లు నెత్తికెక్కాయి అన్నాడు. ఎక్కాయి మరి.

జూన్ 9
ఆఫీసు నుంచి ఇంకో కాగితం. వారానికి పద్దెనిమిది పీరియడ్ల కంటే తక్కువ ఉన్నవాళ్లు మిగులు. అలా మిగులు తేలినవాళ్లని ఏటి అవతలి బడికి పంపిస్తారు. రెండు బస్సులు మారాలి. ఇరవై మూడో తేదీలోగా టైంటేబుల్‌తో పాటు ఎవరికెన్ని పీరియడ్లో స్టేట్‌మెంట్ ఇవ్వాలి.

ఇప్పటిదాకా నన్ను చూసి నవ్వి ఊరుకునే వాళ్లంతా ఇవాళ టీ తెచ్చి ఇచ్చారు. నాలుగు టీలు తాగాను.

జూన్ 14, సాయంత్రం 5
అయిపోయింది! ఆఖరి చీటీ గుచ్చాను. క్లాష్ లేదు. ఎవరికీ వరసగా నాలుగు పీరియడ్లు లేవు. మోకాళ్ల నొప్పి ఉన్న టీచరమ్మకి మేడ మీద ఒక్క క్లాసూ లేదు. చిన్న క్లాసులకి లెక్కలన్నీ పొద్దున పూటే. బోర్డు బడికి మోయించి పెడితే రెండు బళ్ల వాళ్లూ నోరు తెరుచుకుని చూశారు. మా అమ్మాయి ఫొటో తీసింది. నేను పక్కన నిలబడలేదు, బోర్డు ఒక్కదాన్నే తియ్యమన్నాను. తర్వాత నిలబడ్డాను.

ఒక్కరే మిగిలారు. డ్రాయింగ్ మాస్టారు. పదకొండు పీరియడ్లు. అవతలి బడిలో డ్రాయింగ్ పోస్టు లేదు. ఆయన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి హాజరు రిజిస్టర్లు రాయిస్తారు. మనసు చివుక్కుమంది. కానీ ఏం చెయ్యను, లెక్క లెక్కే.

జూన్ 16
కొత్త హెచ్చెమ్ నాకంటే పదేళ్లు చిన్నది, నాకంటే పదింతలు పట్టుదల. టైంటేబుల్ చేత్తో పట్టుకుని గది గదికీ తిరుగుదాం, కాగితంలో ఉన్న మనిషి గదిలో ఉన్నారో లేదో టిక్కు పెడదాం అంది. ఊరేగింపుకి బయలుదేరినట్టు బయలుదేరాను. మొదటి గది, టిక్కు. రెండో గది, టిక్కు. వరండా పొడుగునా టిక్కులే. ఆవిడ నా వైపు చూసి తలాడించింది. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

చివర్న లైబ్రరీ. కాగితంలో నా పేరు. లోపల డ్రాయింగ్ మాస్టారు.

పిల్లలు చుట్టూ కూర్చున్నారు. ఆయన ఏదో చదువుతున్నాడు. నేను వరండాలో, చేతిలో పెన్నుతో.

నాకే గుర్తు లేదు! పదకొండేళ్ల కిందట అప్పటి హెచ్చెమ్ సారు, టైంటేబుల్ పనికి వారానికి ఎనిమిది పీరియడ్లు తీసుకో, అలా రాయడానికి కాలమ్ లేదు కాబట్టి లైబ్రరీ అని నీ పేరు మీద వేసుకో అన్నాడు. డ్రాయింగ్ మాస్టారికి ఖాళీ ఉందిగా, ఆయన పిల్లల్ని చూసుకుంటాడు అన్నాడు. సరే అన్నాను. ప్రతి ఏడూ అవే ఎనిమిది చీటీలు, అక్కడే, నీలం రంగులో, చెయ్యి అలవాటున గుచ్చేసింది. ఈ ఏడు కూడా.

హెచ్చెమ్ లోపలికి చూసింది, నన్ను చూసింది, కాగితం చూసింది. టిక్కు పెట్టింది. వెనక్కి తిరిగి నడిచింది.

జూన్ 17
కాగితంలో నాకు ఇరవై, ఆ ఎనిమిదీ తీస్తే పన్నెండు. కలిపితే ఆయనకి పందొమ్మిది. అదీ అసలు లెక్క.

జూన్ 18
డ్రాయింగ్ మాస్టారికి మిగులు సంగతి తెలిసింది. నన్ను వెతుక్కుంటూ స్టాఫ్ రూముకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు. బోర్డు భలే కుదిరిందమ్మా, ఇంతమందిని ఎలా సర్దావమ్మా అని మెచ్చుకున్నాడు. తర్వాత, కాస్త వీలు చూసుకుని లైబ్రరీకి రమ్మన్నాడు. ఎలాగూ పీరియడ్లు నీవే కదా, ఇక మీదట నువ్వే చూసుకోవాలి కదా, అన్నీ అప్పజెబుతానన్నాడు.

వెళ్లాను. మూడు బీరువాలు. ప్రతి పుస్తకానికీ పాత చార్టు కాగితంతో అట్ట. అట్ట మీద ఆ కథలోంచి ఒక బొమ్మ. చదవడం రాని పిల్లలు బొమ్మ చూసి పుస్తకం తీసుకుంటారట. తీసుకున్నాక మొదటి పేజీ ఆయన పైకి చదివి ఆపేస్తాడట. తర్వాతేమైందో తెలుసుకోవాలంటే వాళ్లే కూడబలుక్కోవాలట. ఏడో క్లాసులో ఒక పిల్ల ఆయన్ని తిట్టుకుంటూ తిట్టుకుంటూ మొత్తం పుస్తకం చదివేసిందట, అది చెప్పేటప్పుడు మనిషి వెలిగిపోయాడు. ఏ పిల్లకి ఏ పుస్తకం ఇవ్వాలో నోటుబుక్కులో రాసి పెట్టాడు, నా కోసం.

ఆఖర్న అన్నాడు కదా, పదకొండేళ్లు నీ పీరియడ్లు నాకు ఇచ్చావు తల్లీ, చాలా సంతోషంగా గడిచాయి అని.

తలుపు దగ్గర చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పట్టిందో.

జూన్ 19
బోర్డు ముందు మూడు గంటలు కూర్చున్నాను. దారి ఉండాలి. ఆరువందల ఎనభై చీటీల్లో దారి లేకపోతుందా.

ఆయన గట్టెక్కాలంటే ఏడు పీరియడ్లు కావాలి. నేను గట్టెక్కాలంటే ఆరు. లైబ్రరీలో ఉన్నవి ఎనిమిదే. మిగతా అయిదుగురు లెక్కల టీచర్లకీ తలా పద్దెనిమిది, సరిగ్గా గీత మీద ఉన్నారు. ఒక్కటి లాగినా ఆ మనిషి కింద పడుతుంది. సైన్సు వాళ్ల దగ్గర ఎక్కువున్నాయి, కానీ నాకు సైన్సు రాదు. రాని సబ్జెక్టు పేరున వేసుకుంటే ఇంకో దొంగ చీటీ.

పందొమ్మిదేళ్లలో మొదటిసారి చేతులెత్తేశాను. దారి లేదు. ఎవరో ఒకరు ఏరు దాటాలి.

జూన్ 20, ఆదివారం
ఏరు దాటేది నేనేనని ఇంట్లో చెప్పాను. అత్తయ్య నమ్మలేదు. ఎవరూ అడగకుండా ఎవరైనా తన పేరు తనే కొట్టేసుకుంటారా, నీకేమైనా వేడి చేసిందా అని నుదురు పట్టుకుని చూసింది. మా ఆయన ముందు బస్సుల టైములు చెప్పాడు. ఆరూ నలభైకి మొదటిది. వంతెన దగ్గర మారాలి. ఆ రూటులో బండ్లు ఎంత పాతవో తన కంటే ఎవరికి తెలుసన్నాడు. రిటైరయ్యే దాకా ఇంకా తొమ్మిదేళ్లు అన్నాడు. హెచ్చెమ్ టిక్కు పెట్టాక కూడా నీకెందుకు అన్నాడు. కోపంగానే అన్నాడు.

నాకూ కోపం వచ్చింది. ఆ బడిలో నాకు ఇరవై ఆరేళ్లు. కిటికీ పక్క కుర్చీ నాది. గంట కొట్టే అటెండరు నన్ను చూసి గడియారం సరిచేసుకుంటాడు. అక్కడ, ఏటి అవతల, నేనెవరు? లెక్కల టీచరు, అంతే. కొత్తగా వచ్చినావిడ.

ఏడ్చాను. బాత్‌రూములో నల్లా తిప్పుకుని.

మా అమ్మాయి ఒక్కటే అడిగింది. ఆ ఎనిమిది చీటీలకి పసుపు కాగితం కత్తిరించనా వద్దా అని. ఉన్న కాగితం అయిపోయిందట, షాపు మూసేలోగా చెప్పమంది.

కత్తిరించమన్నాను.

జూన్ 21, పొద్దున 8
నీలం చీటీలు పీకాను. ఒక్కొక్కటీ. గుండుసూదులు తుప్పుపట్టి ఏమీ లేవు, అయినా రానన్నాయి. పసుపువి గుచ్చాను. దూరంగా నిలబడి చూశాను.

బాగుంది. అబద్ధం ఎందుకు, నేను వేసిన అన్ని టైంటేబుళ్లలోకీ ఇదే బాగుంది. ఈసారి ప్రతి చీటీ వెనకా ఆ మనిషే ఉన్నారు.

జూన్ 22
హెచ్చెమ్ స్టేట్‌మెంట్ చూసి తలుపు వేసి రమ్మంది. అరిచింది. కాగితం కాగితమే, నేను టిక్కు ఊరికే పెట్టానా అంది. రెండు బళ్లని ఒక్కటి చేసి నెల కాలేదు, పాత గొడవలన్నీ మీ బోర్డు చూశాకే ఆగాయి, ఇప్పుడు మీరు పోతే వచ్చే ఏడు ఎవరు వేస్తారు అంది. డ్రాయింగ్ మాస్టారికి వేరే ఏదో చూద్దాం, ముందు ఇది మార్చి తీసుకురండి అంది.

ఆవిడ నన్ను పోనివ్వనంటున్నందుకు లోపల్లోపల పొంగిపోయాను, రాయకపోతే అది ఇంకో దొంగ చీటీ అవుతుంది. కానీ మార్చనన్నాను. ఆవిడ టిక్కు పెట్టింది నా మీద గౌరవంతోనని తెలుసు, ఆ గౌరవం మిగలాలంటే ఇప్పుడు సంతకం పెట్టమన్నాను. వచ్చే ఏడు టైంటేబుల్‌కి, ఆదివారాలు వచ్చి మన స్టాఫులోని కుర్ర ఇంగ్లీషు టీచరుకి నేర్పిస్తానన్నాను. ఆవిడ సంతకం పెట్టింది. పెన్ను గట్టిగా నొక్కింది, కాగితానికి చిల్లు పడింది.

జూన్ 23
స్టేట్‌మెంట్ నేనే తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా వేలు పెట్టి పేర్లు చదువుకుంటూ వచ్చి మిగులు దగ్గర ఆగాడు. టైంటేబుల్ తయారుచేసిన వారు అన్న చోట ఉన్న పేరూ ఇదీ ఒకటేనా అని అడిగాడు. ఒకటే అన్నాను. ఇంటిపేరు కూడానా అన్నాడు. మనిషి కూడా అన్నాను. లేచి నిలబడి, పక్క బల్ల వాళ్లని పిలిచి చూపించాడు. ఆ గదిలో ఆరుగురు నా వైపు చూశారు. అందులో ఒకావిడ కుర్చీ ఇచ్చింది. కూర్చోలేదు. నిలబడితేనే బాగున్నాను.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చున్నాను, అది వేరే సంగతి.

జూన్ 26
ఆఖరి రోజు. సభ లేదు, వద్దని ముందే చెప్పాను. డ్రాయింగ్ మాస్టారు స్టాఫ్ రూములో అందరి ముందూ నా దగ్గరికొచ్చాడు. లైబ్రరీ నీ పేరు మీద ఉన్న సంగతి నాకు ముందు నుంచీ తెలుసు, నీకు గుర్తుందనే అనుకున్నాను అన్నాడు. గుర్తులేదన్నాను. సిగ్గేసింది, చెప్పేశాను. ఆయన, గుర్తొచ్చాక ఏం చేశావన్నదే కదమ్మా అన్నాడు. ఆయనా నేనూ ఇద్దరం ముక్కు చీదుకున్నాం. పక్కనున్న సైన్సు టీచరు ఇద్దరికీ జలుబు చేసిందని అందరికీ సర్ది చెప్పింది.

మా ఆయన గేటు దగ్గర ఉన్నాడు, డ్యూటీ మార్చుకుని వచ్చాడు. ఆరూ నలభై బండికి మంచి డ్రైవర్ని వేశానన్నాడు. ఇంక కోపం లేదా అంటే, ఉంది అన్నాడు. డిపోలో అందరికీ చెప్పాడట నా సంగతి. ఏమని చెప్పావంటే చెప్పడు. చెవులు ఎర్రబడ్డాయి, నా మనిషికి.

జూలై 1
ఏటి అవతలి బడి. ఇవాళ ఆరు పీరియడ్లు. గొంతు పోయింది, ఇంట్లో సైగలతో మాట్లాడుతున్నాను. కాళ్లు పీకుతున్నాయి. ఆరూ నా పేరు మీద ఉన్నాయి. ఆరూ నేనే చెప్పాను.