హైమ మెషీన్‌లో బల్బులు

ట్రాయ్,
ఆదివారం.

హైమకు, బోలెడు ఆశీస్సులు.

ఈ ఉత్తరం మానేద్దామనే అనుకున్నాను. ఫోన్‌లో చెబితే పోయేది. కానీ శాంటా క్లారాలో మన మృదుల ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. ఈ సంగతి అల్లుడి చెవిన పడకూడదు. ఇక్కడ నేనూ, నా బీపీ, బేస్‌మెంట్‌లో నీ మెషీనూ కులాసా. అక్కడ మీరంతా, పసివాడితో సహా, అలాగే ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో నువ్వడిగినవాటికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. కరివేపాకు కుండీ లోపలికి తెచ్చాను. ఇక ఆ పక్క వీధి ఉమాకాంత్. నా బీపీకి ఒక్క ముక్క, ఆయన మోకాలికి అర పేజీ! "ఒంటి మనిషి, వంటెలా చేసుకుంటున్నారో పాపం" అట. నేను మాత్రం ఇక్కడ జనసమూహంలో ఉన్నానా?

"ఉమాకాంత్ గారిని పిలిచి మెషీన్ బాగు చేయించండి, సున్నుండల డబ్బా ఆయనకివ్వండి" అని చెప్పి వెళ్ళావు. నేను పిలవలేదు. గరాజ్ సేల్‌లో ఆ జూదపు పెట్టె, ఆ స్లాట్ మెషీన్, బేరమాడింది నేను. చెర్రీలూ నిమ్మకాయలూ తిరుగుతుంటే పక్కన నిలబడి నీకు టీ అందించింది నేను. ఆయన ఒక్కసారి మన డిష్‌వాషర్ బాగుచేసినందుకు "ఆయన చెయ్యి పడితే ఏదైనా వెలుగుతుందండీ" అన్నావే, ఆ మాట నాకింకా అరగలేదు. డిష్‌వాషర్ వెలగదు, హైమా. కడుగుతుంది.

అందుకని వీడియోలు చూసి నేనే నేర్చుకున్నాను. నా చదువంతా అలా సొంతంగా వచ్చిందే కదా. ప్లగ్ పీకి, తలుపు తెరిచి, బటన్ల వెనక హోల్డర్లు మెలితిప్పి లాగాను. మాడి నల్లబడ్డ పాత బల్బుల స్థానంలో కొత్త ఎల్ఈడీలు గుచ్చాను. అన్నీ వెలిగాయి, స్టార్ట్ బటన్ తప్ప. నువ్వు రోజూ నొక్కేది అదే. నువ్వొచ్చి నొక్కినప్పుడు అది నా చేతి బల్బై వెలగాలని నా పంతం. బల్బులు మార్చాను, హోల్డర్ తుడిచాను, బతిమాలాను. ఊహూఁ.

ఇక దాచను. నిన్న ఆయన్ని పిలిచాను. కుంటుకుంటూ వచ్చి, బల్బు లాగి, అటుది ఇటు తిప్పి గుచ్చారు. వెలిగింది!

"ఎల్ఈడీకి డైరెక్షన్ ఉంటుంది శేషు గారూ. పాత బల్బుల్లా ఎలా పెడితే అలా వెలగదు. మిగతావన్నీ లక్కీగా సరిగ్గా పడ్డాయి, మీకు జాక్‌పాట్ కొట్టిందండీ!"

నేను పళ్ళు కొరుక్కుంటుంటే భుజం తట్టి, "హైమ గారికి మీరే చేశారని చెప్పండి" అన్నారు. తిట్టినా బాగుండేది.

వెళ్తూ, "సున్నుండలేవో ఇస్తారని హైమ గారు అన్నారే?" అని అడిగారు.

"అయిపోయాయి" అన్నాను. నిజమే. రిపేరు చేసింది నేనే కదా అని రోజూ ఒకటి చొప్పున నేనే తిన్నాను. ఆయనకి మళ్ళీ చేసిపెట్టు. కొంచెం చిన్నవి చేయి.

ఆయన కారు వీధి మలుపు తిరిగాక కిందికెళ్ళి స్టార్ట్ బల్బు పీకేసి, నా చేత్తో మళ్ళీ పెట్టాను. వెలగలేదు. తిప్పి పెట్టాను. వెలిగింది.

ఇట్లు,
నీ భర్త,
ఆదిశేషు