నువ్వు మూసిన కిటికీ

స్వప్న నాయనా, మా అన్న వద్దంటున్నా ఇస్నాపూర్‌లో మనం కిరాయికున్న పాత ఇంటినే కొన్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది. మరమ్మతు ఈరోజే మొదలుపెట్టించాను.

నువ్వు పనిచేసిన మందుల ఫ్యాక్టరీ వాసనకు పసిబిడ్డగా ఉన్న స్వప్న దగ్గుతోందని అప్పట్లో ఇటుకలతో కిటికీ మూసేశావు కదా! దాన్ని చూసి మేస్త్రీ, "గిదేందమ్మా, గాలెట్ల ఆడుతది?" అన్నాడు. తెరవమన్నాను. నాలుగు ఇటుకలు తీయగానే అదే ఘాటు లోపలికొచ్చింది. మళ్ళీ మూసేయమనబోయాను. ఇంతలో స్వప్న పరుగెత్తుకొచ్చి, ఆ సందులో ముఖం పెట్టి గట్టిగా పీల్చింది.

"అమ్మా, నాయన అంగీ వాసనొస్తుంది!"

డ్యూటీ నుంచి రాగానే ఆ అంగీని వాకిట్లోనే విప్పేసి, స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకునేవాడివి.

"తెరిచే ఉంచాల్నా, మల్ల మూసెయ్యాల్నా?" అని మేస్త్రీ అడుగుతున్నాడు.

స్వప్న దగ్గుతోంది. అయినా కిటికీ వదలడం లేదు.